మారుతికి పంపిన తొక్కు

ఖతర్‌లోని నజ్మా పేటలో నన్ను రష్యా హమీద్ అంటారు. రష్యాలో నేను ఉన్నది ఎనిమిదంటే ఎనిమిదే రోజులు. అందులో రెండు రోజులు జలుబు చేసి హోటల్ గదిలోనే పడుకున్నాను. అయినా ఐదు నెలలపాటు ప్రతి శుక్రవారం చాయ్ హోటల్లో కూర్చుని రష్యా గురించి కోతలు కోశాను. వినేవాళ్ళు దొరికితే నా నోరు ఆగదు. నా భార్య ఫర్హా కోరుట్లనుంచి ఫోన్లో పదహారేళ్ళుగా ఇదే మాటమీద నన్ను తిడుతోంది. ఆమె ఎంత తక్కువ తిట్టిందో ఈమధ్యే తెలిసింది.

నేను డ్రైవర్‌ని. నన్ను ఇక్కడికి పిలిపించుకున్న అరబ్బు యజమానిని కఫీల్ అంటాం; ఆయన ఇల్లు అల్ తుమామాలో. ఆయనది ఖర్జూరాల వ్యాపారం. జనవరిలో, ఇంకా రంజాన్ రాకముందు, రష్యాలో సరుకు బాగా పోతుందని ఎవరో చెబితే మాస్కోకి బయల్దేరాడు. నమూనా పెట్టెలు మోయడానికి ఒక మనిషి కావాలి. "యల్లా, హమీద్" అన్నాడు, పద అని. అలా నేనూ విమానం ఎక్కాను.

ఆ వార్త శుక్రవారానికల్లా నజ్మా అంతా పాకింది. ఇక్కడ మా జిల్లావాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎక్కడికి ప్రయాణమైనా మిగతావాళ్ళు పొట్లాలు తెచ్చి చేతిలో పెడతారు. పొట్లంమీద మనిషి పేరు, ఊరి పేరు ఉంటే చాలు. అడ్రసు అడగడం మర్యాద కూడా కాదు. ఇంటినుంచి వచ్చిన పొట్లం పట్టుకుని శుక్రవారం సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత డబ్బు పంపే దుకాణాల ముందు నిలబడితే, పొద్దుగూకి మగ్రిబ్ అయ్యేలోపల ఆ మనిషన్నా వస్తాడు, ఆ ఊరివాడన్నా వస్తాడు. పదహారేళ్ళలో ఒక్క పొట్లం కూడా నా దగ్గర మిగిలిపోలేదు.

అందుకే బాలవ్వ వచ్చి చింతతొక్కు డబ్బా ఇచ్చినప్పుడు నేను అడ్రసు అడగలేదు.

బాలవ్వ ముఐథర్‌లో ఒక బడిలో ఊడ్చే పని చేస్తుంది. మా కోరుట్ల పక్కన ఎల్లాపూర్ ఆమెది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, మారుతి. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు అక్క దగ్గర వదిలి ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు వాడికి ఇరవై రెండు. అక్టోబరులో ఒక ఏజెంటు వాణ్ణి రష్యా తీసుకుపోయాడు. చల్లటి గోదాములో పెట్టెలు సర్దే పని అన్నాడు. 'నువ్వు ఎండల మాడినవ్, నేను సల్లటి దేశం పోత' అని వాడు తల్లితో నవ్వుతూ అన్నాడట. ఇరవై రోజులు ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. అలా వెళ్ళిన కొందరు పిల్లలకి బట్టలు మార్పించి యుద్ధానికి తోలారని అందరి ఫోన్లలోనూ వీడియోలు తిరిగాయి. బాలవ్వ ముందు యుద్ధమన్న మాట మేమెవ్వరం ఎత్తేవాళ్ళం కాదు. ఆమె కూడా ఎత్తేది కాదు.

డబ్బాకి మూడు చుట్లు ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన కాగితం అంటించింది. మారుతి, ఎల్లాపూర్, రష్యా.

"అన్నా, గాడ గూడ మనోళ్ళు శుక్రారం ఒక్క దగ్గర జమైతరు గదా?" అని అడిగింది.

"ఎందుకు కారు చెల్లె? మనోళ్ళు ఏడున్నా జమైతరు. నేను నిలవడ్డంక ఎట్ల దొరకడు?" అన్నాను.

మీసం దువ్వుకుంటూ మరీ అన్నాను. అది అబద్ధం కాదు. ఖతర్‌ని ఈ చివరనుంచి ఆ చివరికి కారులో రెండు గంటల్లో దాటుతాను. దేశమంటే అటూ ఇటూగా అంతే ఉంటుందని నిజంగానే అనుకున్నాను.

రష్యాలో నేను చూసినవి చెబుతాను. ఇవి మాత్రం నిజాలు. అక్కడ ఆఫీసుకి వెళ్ళినా, పెద్ద హోటల్లో భోజనానికి వెళ్ళినా ముందు కోటు విప్పి గుమ్మం దగ్గరి ముసలమ్మకి ఇవ్వాలి. ఆమె నంబరు బిళ్ళ చేతిలో పెడుతుంది. కోటుతో లోపలికి పోబోతే మా కఫీల్‌నే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. దుకాణంలో చిల్లర చేతికివ్వరు, గల్లా ముందున్న చిన్న పళ్ళెంలో పెడతారు. ఎవరూ నవ్వరు. మొదటిరోజు దేశం దేశమంతా నామీద కోపంగా ఉందనుకున్నాను. మూడోరోజు మంచుమీద జారి వెల్లకిలా పడ్డాను. కూరగాయల సంచితో పోతున్న ఒక ముసలావిడ ఆగి, నా మోచెయ్యి పట్టి లేపి, మలుపుదాకా నడిపించింది. మలుపుదాకా తిడుతూనే ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు తడిశాయి.

వ్యాపారం సంగతి ఇంకా వింత. మా కఫీల్ అలవాటు ప్రకారం ముందు కాఫీ పోయించి, ఇంటివాళ్ళ క్షేమం అడిగి, ఆ తర్వాత తీరిగ్గా ఖర్జూరాల దగ్గరికి వద్దామనుకున్నాడు. కొనడానికి వచ్చిన రష్యావాడు ఒక పండు తీసుకుని కత్తితో నిలువునా చీల్చి, పురుగుందేమోనని దీపం కింద పెట్టి చూశాడు. అలా పదకొండు పళ్ళు చీల్చాడు. తిన్నది ఒక్కటే. తర్వాత కాగితాలు అడిగాడు. ప్రతి కాగితంమీదా గుండ్రటి ముద్ర ఉండాలట. ముద్ర లేని కాగితాన్ని వేలితో పక్కకి తోశాడు. మా కఫీల్ బ్యాంకు కార్డేమో ఆ దేశంలో ఎక్కడా పనిచెయ్యలేదు. 'వీడికి నా సరుకు నచ్చలేదు' అని ఆయన గదిలో కూర్చుని దిగులుపడ్డాడు. రెండురోజుల తర్వాత ఆ మనిషే వచ్చి మొత్తం కొంటానన్నాడు, అప్పుడూ నవ్వకుండానే.

శుక్రవారం కఫీల్‌తో పెద్ద మసీదుకి వెళ్ళాను. లోపల చోటు చాలక జనం మంచులోనే జానమాజులు పరుచుకుని రోడ్డుమీద నిలబడ్డారు. నమాజ్ అయింది. నేను డబ్బా చంకలో పెట్టుకుని మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడ్డాను. పది నిమిషాల్లో అంత జనమూ మాయమైపోయింది. అక్కడ శుక్రవారం సెలవు కాదు. ఎవరి డ్యూటీకి వాళ్ళు పరిగెత్తారు.

రెండు గంటలు నిలబడ్డాను. కాలివేళ్ళు ఉన్నాయో ఊడాయో తెలియలేదు. చివరికి హిందీ మాట్లాడుకుంటూ ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. డాక్టరీ చదువుతున్నారట. మారుతి పేరు చెప్పాను, ఊరు చెప్పాను. "కౌన్‌సే షహర్ మే హై, అంకుల్?" అని, ఏ నగరంలో ఉన్నాడని అడిగారు. రష్యాలో అన్నాను. ఒకడు తల కొట్టుకున్నాడు. రెండోవాడు ఫోన్ తీసి ఆ దేశం పటం చూపించాడు. వేలితో జరుపుతున్నాడు, జరుపుతూనే ఉన్నాడు, దేశం అయిపోవడం లేదు. ఇక్కడ తెల్లవారేసరికి ఆ చివర పొద్దుగూకుతుందన్నాడు.

 నా చేతిలో ఉన్నది ఒక ఊరి పేరు. దాన్ని చదవగలిగేవాడు కూడా అక్కడ లేడు.

డబ్బాని పారెయ్యలేను, వెనక్కి తేలేను. తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నం హోటల్ పక్కనున్న భోజనశాలకి వెళ్ళాను. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి కావలసింది పెట్టించుకోవాలి. మంచు ఎత్తే కూలీలు తినే చోటు అది. నా ఎదుట ఒక కుర్రాడు కూర్చున్నాడు. నారింజరంగు చొక్కా వేసుకున్నాడు, పారని తలుపు పక్కన ఆనించి వచ్చాడు. మన పిల్లవాడు కాదు, ఆ చుట్టుపక్కల ఏదో దేశంవాడు. మారుతి వయసే ఉంటుంది. క్యారెట్టు, మాంసం వేసి వండిన అన్నం తింటున్నాడు, చలికి కందిన చేతులతో, వంచిన తల ఎత్తకుండా. నాకేమనిపించిందో ఏమో, కవర్లు విప్పి ఒక చెంచా తొక్కు వాడి పళ్ళెంలో వేశాను. వాడు నన్ను అనుమానంగా చూసి నాలుకకి రాసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. తర్వాత పకపకా నవ్వాడు. రష్యాలో నేను చూసిన ఒక్క నవ్వు అది. పళ్ళెం మళ్ళీ ముందుకి చాపాడు. లేచి వెళ్ళి ఇంకో పళ్ళెం అన్నం తెచ్చుకుని, రొట్టెముక్కతో అడుగంతా తుడుచుకుని తిన్నాడు. డబ్బా వాడికే ఇచ్చేశాను. గుండెమీద చెయ్యి పెట్టుకుని దణ్ణం లాంటిది పెట్టి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చిన వారం, శుక్రవారం నజ్మాలో నాకంటే ముందే బాలవ్వ డబ్బు పంపే దుకాణాల ముందు నిలబడి ఉంది. 

"దొరికిండా అన్నా?"

లేదని చెప్పడానికే నోరు తెరిచాను, అల్లా సాక్షి. ఆమె రెండు చేతులూ కొంగులో మెలిపెట్టుకుని ఉంది. చుట్టూ పదిమంది మావాళ్ళు నన్నే చూస్తున్నారు. పదహారేళ్ళలో పొట్లం అందించలేనివాణ్ణని పేరు లేదు నాకు.

"దొరికిండు" అన్నాను.

ఇక ఆగలేదు. నారింజ చొక్కా వేసుకున్నాడన్నాను. నా ముందే తొక్కు తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడన్నాను. రెండో పళ్ళెం తెచ్చుకున్నాడన్నాను. ఫోన్ పోయింది, కొత్తది కొన్నాక చేస్తాడన్నాను. ఫోన్ సంగతి తప్ప చెప్పినవన్నీ చూసినవే. మనిషి ఒక్కడే మారాడు. బాలవ్వ రోడ్డుమీదే కూర్చుండిపోయి ఏడ్చింది. మావాళ్ళు నేనేదో పుణ్యం చేసినట్టు నా భుజం తట్టారు. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ కథ చెప్పాను. చెప్పగా చెప్పగా మారుతికి కొంచెం లావెక్కిన బుగ్గలు కూడా వచ్చాయి.

జూన్‌లో, మంగళవారం సాయంత్రం, చాయ్ తాగుతుంటే నిసార్ అహ్మద్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనది నిజామాబాద్. నజ్మాలోనే టైపింగ్ సెంటర్ ఉంది. మావాళ్ళ అర్జీలన్నీ ఊరికే రాసిపెడతాడు. రష్యాలో పిల్లలు తప్పిపోయిన ఇళ్ళవాళ్ళు కొందరు కలిసి మాస్కో పోతున్నారని, ఫొటోలు పట్టుకుని ఆఫీసులన్నీ తిరుగుతారని చెప్పాడు.

"ఇది రెండో జట్టు. మార్చిల మొదటి జట్టు పోయింది గదా, ఇద్దరు పోరగాండ్లు దొరికిన్రు. ఒకడు దవాఖానల, ఒకడు జైల్ల. దేవులాడితెనే దొరికిన్రు. ఎల్లుండి జుమేరాత్, ఆ పొద్దుకు పేర్లు పంపాలె. మన దిక్కు ఏడుగురు, కాగితాలు ఆరే ఉన్నయి" అన్నాడు.

"ఏడోది?"

"బాలవ్వది. ఫిబ్రవరిలనే ఆపమన్నది. నువ్వు కలిసొచ్చినవాయె. కనవడనోళ్ళల్ల నా కొడుకెందుకు, ఇంకోని జాగ పోతది అన్నది." నిసార్ నవ్వాడు. "నీ పేరు గూడ రాయించింది భయ్. ఆఖరుకు సూసినోడు హమీదుద్దీన్, మాస్కో. మంచిగున్నడు, కడుపునిండ తిన్నడు. ఆ కాగితం నా దగ్గర్నే ఉంది."

 అక్కడికక్కడే చెప్పేస్తే సరిపోయేది. హోటల్ నిండా నన్ను రష్యా హమీద్ అనేవాళ్ళే ఉన్నారు. లేచి డబ్బులిచ్చి వచ్చేశాను. మార్చి, మార్చి అని తల్లో ఒకటే మాట తిరిగింది. మార్చిలో ఆ పిల్లవాడి ఫొటో పట్టుకుని తిరిగేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళని ఆపింది నేను.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ముఐథర్ వెళ్ళి బడి గేటు ముందు కారు ఆపాను. ఎండ మొహంమీద కొడుతోంది. బాలవ్వ టిఫిను సంచితో బయటికి వచ్చి నన్ను చూసి పరుగులాంటి నడకతో దగ్గరికి వచ్చింది.

"నిన్నే యాది జేస్తున్న అన్నా. మీ సేటు మల్ల పోతడా రష్యా?"

"తెల్వదు చెల్లె."

"పోతే నాకు జెప్పు. తొక్కొక్కటే గాదు, సకినాలు గూడ పంపుత." గోడ నీడలోకి జరిగి గొంతు తగ్గించింది. "వాడు నా మీద అలిగిండు అన్నా. నువ్వు సూసినవ్, మంచిగున్నడు, తింటున్నడు. మరి ఫోనెందుకు జెయ్యడు? ఎనిమిదేండ్ల పిలగాన్ని ఇడిసిపెట్టి ఈడికి అస్తినని వానికి కడుపుల ఉన్నది. రోజు మాపటీలి వాని నంబరుకు వాయిస్ పెట్టి చెప్పుకుంట. తప్పైంది బిడ్డా, నీ కాల్మొక్కుత, ఒక్కపారి మాట్లాడు అని. ఇంటలేడు. ఈసారి పోతే నా బదులు నువ్వు బతిలాడుతవా?"

ఐదు నెలలుగా ఈమె ఇలా నమ్ముకుని బతుకుతోంది. కొడుకు క్షేమంగా ఉన్నాడు కాబట్టి తప్పు తనదేనని.  ఇంకొక్క మాట ఆమె నోటినుంచి వింటే నేనే చచ్చిపోతాననిపించింది.

"చెల్లె, నేను మారుతిని సూడలె."

ఆమె టిఫిను సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఏ మారుతిని?"

"మన మారుతిని. నాకు దొరకలె. రెండు గంటలు నిలవడ్డ. ఆ దేశం శానా పెద్దది చెల్లె, మనోళ్ళు జమయ్యే జాగ లేదాడ. నీకు అబద్ధం జెప్పిన."

 పిల్లల బస్సు ఒకటి మా పక్కనుంచి పోయింది. ఆమె టిఫిను సంచి ఎత్తి నా ఛాతీమీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. డబ్బా మూత ఊడి అన్నం మెతుకులు నా చొక్కామీద పడ్డాయి. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఐదు నెలలు! ఐదు నెలలాయె నా కొడుకును దేవులాడుడు బంద్ జేసి! నేనే బంద్ జేస్తి గదరా! నా చేతులతోని నేనే..." అరుస్తూనే ఆగిపోయింది. సంచి కింద పడింది. "నిసారన్న ఉంటడా ఇప్పుడు?"

"ఉంటడు."

కారెక్కి వెనక సీట్లో కూర్చుంది. కారు నజ్మాకి తిప్పాను. అద్దంలో చూశాను. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని ఉంది, ఎవరికీ చెయ్యడం లేదు.

నిసార్ అహ్మద్ నేను చెప్పినదంతా విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. తిడతాడనుకున్నాను. "లానత్ హై" అని ఛీ కొట్టాడంతే, నా వంక చూడకుండా. అలమారులోంచి కాగితం తీశాడు. మూలన మారుతి ఫొటో ఉంది. దువ్విన తల, కొత్త చొక్కా. కింద నా పేరున్న వాక్యం. 'మంచిగా ఉన్నాడు, కడుపునిండా తిన్నాడు.'

"బాలవ్వా, ఇది కొట్టేస్తున్న. వాడు ఆఖరుకు ఫోన్ జేసిన తారీకే రాస్త. అది అక్టోబర్ నెల" అన్నాడు.

కలం కాగితంమీదికి రాగానే బాలవ్వ అరచెయ్యి చాపి ఆ వాక్యాన్ని కప్పేసింది.

నిసార్ ఆగాడు. ఆమె చెయ్యి తియ్యదు. గోళ్ళ సందుల్లో బడి ఊడ్చిన దుమ్ము ఉంది. ఆ చేతికింద ఉన్నవి నేను అల్లిన మాటలే, అయినా అక్టోబరు తర్వాత ఆమె కొడుకు బతికున్న చోటు లోకంలో అదొక్కటే.  

"కొట్టెయ్యి" అంది. అన్నాక కూడా చెయ్యి తియ్యడానికి ఇంకొంచెంసేపు పట్టింది.

నిసార్ గీత గీశాడు. ఆమె ఆ గీతను మొదటినుంచి చివరిదాకా చూసింది. తర్వాత వేలిముద్ర వేసింది.

బయటికి వచ్చాక మెట్లమీద కూర్చుండిపోయింది. నేను రెండు మెట్లు కింద నిలబడ్డాను. క్షమించమనడానికి నాకు మొహం లేదు. అసర్ అజాన్ అయింది. వీధిలోకి జనం రావడం మొదలైంది. అందులో మా జిల్లావాళ్ళు ఇద్దరు నన్ను చూసి చెయ్యి ఊపారు. నేను ఊపలేదు.

"మరి నా తొక్కేమైంది?" అని అడిగింది బాలవ్వ.

"ఒక పిలగానికిచ్చిన. మంచు ఎత్తుతడు. మనోడు గాదు."

"నువ్వు జెప్పిందంత వాని ముచ్చట్నేనా? కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నది, నవ్వింది?"

"వానిదే చెల్లె. అల్లా కసమ్, అది నిజం."

"ఇంకో పల్లెం తెచ్చుకున్నది గూడ?"

"గది గూడ."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"వాని పేరేంది?"

"అడగలె."

"అడగకపోతివా" అంది. కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అంది. వీధిలో పోయే జనాన్ని చూస్తూ ఇంకో మాట అంది. "వాళ్ళవ్వకన్న ఎవలైన చెప్పిన్రో లేదో, నీ కొడుకు ఆ పొద్దు కడుపునిండ తిన్నడని."